మూడో పలక

పొద్దుటి నుంచీ ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు. పడవలు బాగుచేసే తన షెడ్డు ముందు, సర్కారు అనుమతి తీసుకునే, నదిలోకి చెక్క జెట్టీ వేయించుకుంది. పక్క స్థలంలో ఉండే బావగారు, అంటే భర్త అన్నగారు, ఆ అనుమతి చెల్లదని కోర్టుకెక్కాడు. జెట్టీ రాకపోకలకు అడ్డమట, తన పడవ ఆ దరిదాపులకే రాలేకపోతోందట! కోర్టు స్టే ఇచ్చింది. వదులైన పలకకు మేకు కొట్టడానికి కూడా వీల్లేదు. ఇవాళ కోర్టు పంపిన అధికారికి ఆ అడ్డమేదో చూపిస్తానని బావగారే తన పడవలో తీసుకొస్తున్నాడు.

"కాసేపు కూర్చోవే, కాళ్లరిగిపోతాయి," అన్నాడు భర్త.

"ఎలా కూర్చోమంటావు? మీ అన్నయ్య దారి పొడుగునా ఆయన చెవిలో నూరిపోస్తూ ఉంటాడు."

మోటారు చప్పుడు దగ్గరైంది.

పడవ జెట్టీని ఆనుకుని ఆగింది. బావగారు నోరు మూయకుండానే, చెయ్యి తిరిగిన అలవాటుతో తాడు గుంజకు చుట్టి, జెట్టీ మీదికి గెంతి, అధికారికి చెయ్యందించాడు.

"చూసి దిగండి సార్. ఆ మూడో పలక ఊగుతుంది. రోజూ దానిమీద కాలు మడతపడి చస్తున్నాను."

అధికారి ఒక కాలు పడవలో, ఒక కాలు గాల్లో పెట్టి ఆగిపోయాడు.

"రోజూనా?"

ఆమె షెడ్డులోంచి సుత్తి తెచ్చుకుంది.

"స్టే మీరు తీయించండి బావగారూ, మేకు నేను కొడతాను."