బరువు లేని సంతకం

ఐర్లండ్‌లోని డండాక్ ఊరి మందుల ఫ్యాక్టరీలో గిరిజాకుమారి పొద్దున్నే చేసే మొదటి పని త్రాసును సరిచూడటం. తూనికరాయిని చిన్న పట్టకారుతో ఎత్తి పెట్టాలి. "చేత్తో ముట్టుకున్నావంటే నీ చెమట కూడా లెక్కలోకొస్తుందమ్మాయ్" అని పన్నెండేళ్ల కిందట ఇక్కడికొచ్చి నేర్పినాయన హేమచంద్. అదే కంపెనీకి ఇంగ్లండ్‌లో ఉన్న ఆఫీసులో పెద్దాయన. ఆయన సంతకం లేనిదే ఇక్కడి మందు గేటు దాటేది కాదు. ఒక్క అంకె అలుక్కుపోయినా కాగితం తిప్పి పంపేవాడు. గిరిజ ఏడ్చేది, తిట్టుకునేది, మళ్లీ రాసేది. ఉద్యోగం ఖాయమైన రోజున ఆయన ఒక పాత ఇత్తడి తూనికరాయి బహుమతిగా పంపాడు. దాన్ని కూడా ఆమె పట్టకారుతోనే ఎత్తేది.

బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లోంచి వెళ్లిపోయాక ఆయన సంతకం ఇటువైపు చెల్లదన్నారు. అక్కడ తయారైన మందు ఇక్కడికి రావాలన్నా గిరిజే సంతకం పెట్టాలి. ఆ రూలు మారిన జనవరి నుంచి ఆయన సంతకమున్న కాగితాలు బల్ల మీద నిలవలేదు. కవరు చించగానే లేచి పైకప్పుకు అంటుకునేవి. గిరిజ సంతకం పెట్టిన ఫైలేమో ఇద్దరు పడితే గానీ లేచేది కాదు. ఆఫీసువాళ్లు ఒక నిచ్చెన, ఒక ట్రాలీ కొని ఎవరి పనిలో వాళ్లు పడ్డారు.

మూడేళ్లు గడిచాయి. ఒక సోమవారం మేనేజరు షివాన్ వచ్చి కూర్చుంది. "హేమచంద్ పోస్టు ఇక అక్కర్లేదని నువ్వు రాసి సంతకం పెట్టివ్వాలి, చెల్లేది నీదే కదా. శుక్రవారానికిస్తే గ్రాండ్, అంతే చాలు."

"ఆయనకి యాభై తొమ్మిదేళ్లు. ఈ వయసులో ఎవరిస్తారు ఉద్యోగం?"

"నాకూ బాధగానే ఉంది" అంది షివాన్. అబద్ధమేం కాదు.

సాయంత్రం గిరిజ ఆయనకు ఫోన్ చేసింది.

"గిరిజగారూ, మా కాగితాలు అందాయాండీ?"

ఎప్పుడూ 'అమ్మాయ్' అనే మనిషి నోట ఆ 'అండీ' ఆమె వినలేకపోయింది. "నన్ను అలా పిలవకండి సర్. శుక్రవారం సంగతి మీకు తెలుసా?"

"తెలుసు. నీ గొంతు వణుకుతోంది, చెయ్యి కూడా వణుకుతుంది. వణికే చేత్తో తూకం వెయ్యకూడదని చెప్పానా లేదా, అమ్మాయ్?"

గురువారం ఆయన దగ్గర్నుంచి కవరొచ్చింది. గిరిజ అలవాటుగా కాగితం తీసి, ఎగిరిపోకుండా ఇత్తడి రాయి పెట్టి చదివింది. రాజీనామా. చుట్టూ చూసింది. గదిలో ఎవరూ లేరు. ఇది గాలికి పోతే ఎవరికీ అందనట్టే. శుక్రవారం తను సంతకం పెట్టనని చెప్పేస్తుంది, ఆయన ఉద్యోగం ఉంటుంది. రాయి తీసేసి కిటికీ బార్లా తెరిచింది.

సముద్రపు గాలి విసురుగా వచ్చింది. పైకప్పుకు అంటుకున్న పాత కాగితాలన్నీ బిలబిలమంటూ బయటికి ఎగిరిపోయాయి. రాజీనామా కదల్లేదు. వేళ్లతో నెట్టింది, రెండు చేతులతో లాగింది. బల్ల కిర్రుమంది తప్ప కాగితం అంగుళం జరగలేదు.

గిరిజ కుర్చీలో కూలబడి ఏడ్చింది. కళ్లు తుడుచుకోబోతే ఒళ్లో ఇత్తడి రాయి కనిపించింది. దాన్ని ఎప్పుడు తీసిందో, వట్టి చేత్తోనే తీసింది. దాని నిండా ఆమె వేలిముద్రలే. తిట్టడానికి ఇక ఎవరూ లేరు.