గంజి తీయని గుడ్డ

"మా అన్నయ్య సాక్ష్యం చెబుతుంటే మైకు కూడా ఏడ్చింది వదినా," అంది ఆడపడుచు, తొట్టిలో గుడ్డను కర్రతో తిప్పుతూ.

వదిన నవ్వలేదు. రంగుల షెడ్డులో ఆవిరికి ఇద్దరి ముఖాలూ చెమటతో మెరుస్తున్నాయి. ఆమె ఎడమ మణికట్టు మీదికి చీర కొంగు లాక్కుంది. అక్కడ ఎముక ఒకసారి విరిగి, కొంచెం వంకరగా అతుక్కుంది.

ఆ మణికట్టు ఇప్పుడు చర్చి సంఘంలో అందరికీ తెలుసు. భర్త తాగుడు మానేశాడు, నిజమే. బాప్తిస్మం తీసుకున్నాడు, అదీ నిజమే. అప్పటినుంచి ఏ గుడిలో పిలిచినా మైకు పట్టుకుని, "ఈ చేత్తోనే నా భార్య చెయ్యి విరిచాను" అని చెబుతాడు. జనం వెక్కివెక్కి ఏడుస్తారు. తర్వాత తలలన్నీ ఆడవాళ్ల వరసలోకి తిరిగి ఆమె చెయ్యి కోసం వెతుకుతాయి. అతనికి సాక్ష్యం బ్రదర్ అని పేరు కూడా పడింది.

వచ్చే ఆదివారం ఆమె కూడా పక్కన నిలబడి, క్షమించానని చెప్పాలట. ఆ మాట చెప్పడానికే పాస్టరమ్మ షెడ్డుకి వచ్చింది. తడి నేల మీద చెప్పులు జారకుండా గోడ పట్టుకుని నిలబడింది.

"అమ్మగారూ, రోజూ పొద్దున్నే బైబిలు తెరుస్తున్నాను. అక్షరాలు కనిపిస్తున్నాయి గానీ ఒక్క ముక్క లోపలికి దిగడం లేదు. ఆకు మీద నీళ్లు పోసినట్టే," అంది వదిన. ఈ సంగతి అంతవరకూ ఎవరితోనూ అనలేదు. ఇన్నాళ్లూ ఆమె చీకటి రోజుల్లో పట్టుకు వేలాడింది ఆ పుస్తకాన్నే. అదీ మూసుకుపోతే ఇక పట్టుకోవడానికేమీ లేదు.

"మనసు సిద్ధం చేసుకోవాలమ్మా. లోపల రాయి పెట్టుకుంటే వాక్యం ఎలా దిగుతుంది? ఆదివారం ఆ ఒక్క మాట అనెయ్యి. అన్నీ అవే సర్దుకుంటాయి."

పాస్టరమ్మ వెళ్లాక ఆమె పనిలో పడింది, కానీ ధ్యాస పనిలో లేదు. పాటల బృందం దుస్తుల కోసం వచ్చిన కొత్త గుడ్డ తాను విప్పి, నేరుగా నీలం తొట్టిలో దింపింది. తడిలో బ్రహ్మాండంగా ఉంది రంగు. సాయంత్రం ఆరాక చూస్తే తాను నిండా బొల్లి మచ్చలు.

"గంజి తియ్యలేదా నువ్వు?" ఆడపడుచు నోరు వెళ్లబెట్టింది. మిల్లు నుంచి వచ్చిన గుడ్డకి గంజి పట్టి ఉంటుంది. బట్టల సోడా కలిపిన నీళ్లలో ఉడికించి అది వదిలిస్తేనే రంగు నూలులోకి దిగుతుంది. లేకపోతే పైన కూర్చుంటుంది. "నాకు నేర్పింది నువ్వే కదా వదినా. ఇప్పుడు శిష్యురాలే గురువు తప్పు పట్టాల్సి వచ్చింది."

ఆమె ఆ మచ్చల వైపు చాలాసేపు చూసింది. మళ్లీ ఉడకబెట్టాలి, మళ్లీ మొదటినుంచి.

ఇంటికి వెళ్లేసరికి భర్త తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటూ, సాక్ష్యంలో ఎక్కడ ఆగాలో ఎక్కడ గొంతు తగ్గించాలో సరిచూసుకుంటున్నాడు.

"మీరు నాకెప్పుడూ చెప్పలేదు," అంది ఆమె.

"ఏమిటి?"

"తప్పయిందని."

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అదేమిటి, ఊరందరి ముందూ చెప్పాను కదా. ఇంకా నీకు విడిగా చెప్పాలా?"

"ఊరి చెయ్యి విరగలేదు."

అతను ఇస్త్రీపెట్టె ఠపీమని బల్ల మీద కొట్టాడు. ఆమె ఎడమ చెయ్యి దానంతటదే వీపు వెనక్కి పోయింది. ఇద్దరూ అది చూశారు. ఒక్క క్షణం అతని పెదవులు ఏదో మాట కోసం కదిలాయి. ఆ మాట మాత్రం రాలేదు.

"చూశావా, దేవుడు నన్ను మార్చాడు గానీ నీలో పాత మనిషి ఇంకా చావలేదు," అని చొక్కా మడత తిరగేశాడు.

తెల్లవారి ఆమె వంటగదిలో పీట మీద కూర్చుంది. రోజూ చేసే ప్రార్థన నోటికి వచ్చింది. మింగేసింది.

"ప్రభువా, ఆయన మీద నాకు కోపంగా ఉంది," అంది మెల్లగా. "పాస్టరమ్మ మీద కూడా. ఏడ్చిన జనం మీద కూడా. కొంచెం నీ మీద కూడా."

అనేసి భయపడింది. ఏమీ కాలేదు. పాలు పొంగుకొస్తే మంట తగ్గించి, గుర్తు పెట్టుకున్న చోట బైబిలు తెరిచింది. చనిపోయి లేచిన యేసు శిష్యుల మధ్యకి వచ్చి మేకులు దిగిన తన చేతులు చూపించే చోటు అది. ఎన్నోసార్లు చదివిందే. ఈసారి అక్కడే ఆగిపోయింది. మరణాన్నే గెలిచి వచ్చినవాడు మచ్చలు తుడిచేసుకుని రాలేదు. ఏమీ జరగనట్టు కొంగు కప్పుకోలేదు. ఆ మాట ఆమెలోకి దిగింది, నూలులోకి రంగు దిగినట్టు. దిగితే నొప్పిగా కూడా ఉంటుందని ఆమెకి అంతవరకూ తెలియదు.

ఆదివారం మైకు ఆమె చేతికిచ్చారు. భర్త కళ్లు అప్పటికే తడిగా ఉన్నాయి.

"క్షమించాలని ఉంది. దేవుణ్ణి అడుగుతున్నాను," అంది. "ఇంకా క్షమించలేదు. అయిందని అబద్ధం చెప్పలేను. ఆయన నన్ను ఇంతవరకూ అడగలేదు కూడా."

ఎవరో దగ్గారు. పాస్టరుగారు గబగబా పాట ఎత్తుకున్నారు. ఆమె తిరిగి వచ్చి కూర్చుంటే పక్కనున్న ఇద్దరూ కొంచెం కొంచెంగా జరిగి, ఆమెకీ తమకీ మధ్య మనిషి పట్టేంత చోటు చేశారు. ఆ చోట ఎవరూ కూర్చోలేదు. బయటికి వచ్చాక పాస్టరమ్మ పలకరించలేదు. భర్త ఆమె కోసం ఆగకుండా ముందే వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి వారం ఆడపడుచు షెడ్డులోకి వచ్చింది.

"అన్నయ్య నిన్న వేరే గుడిలో చెప్పాడు వదినా. నా భార్య గుండె ఇంకా కరగలేదు, ఆమె కోసం ప్రార్థించండి అన్నాడు. జనం బాగా ఏడ్చారు."

"మైకో?"

ఆడపడుచు నవ్వబోయి, వదిన ముఖం చూసి మానేసింది. కర్ర తీసుకుని పక్కన నిలబడింది.

వదిన కొంగు నడుములో దోపి, కొత్త తాను సోడా నీళ్లలో దింపింది. నీళ్లు మరిగే కొద్దీ గంజి తెట్టుగా పైకి తేలింది. గరిటెతో తీసి పారబోసింది. మళ్లీ తేలింది. మళ్లీ తీసింది.