ఇంజనుకి తాగించిన మందు

తొంభై తుపాను పోయిన మరుసటేడు పున్నయ్య కుడి మణికట్టు పడిపోయింది. నిజాంపట్నం రేవులో చిన్న పడవల ఇంజన్లు బాగుచేసేవాళ్ళు ఇంకా ఉన్నారు గాని, ఇంజను పైమూత, అదే హెడ్డు, విప్పి లోపలి బొగ్గు గీకాలంటే అందరూ పున్నయ్య షెడ్డుకే వచ్చేవాళ్ళు. కిరసనాయిలు మీద నడిచే ఇంజన్లవి. కాలీకాలని నూనె లోపల పేరుకుని రాయిలా గట్టిపడుతుంది. అప్పుడప్పుడూ గీకించకపోతే తాడు ఎంత లాగినా ఇంజను అందుకోదు.

గీకి గీకి నరాలు దెబ్బతిన్నాయని బాపట్ల డాక్టరు కట్టు కట్టి, "ఈ చేత్తో గరిటె కూడా పట్టుకోకు" అన్నాడు. పున్నయ్య ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. విప్పాల్సిన ఇంజన్లు షెడ్డులో అలాగే ఉండిపోయాయి.

వాటిలో పడవ మీద వేటకెళ్ళే దేవదానానిదొకటి. అతను రోజూ వచ్చి గుమ్మంలో కూర్చునేవాడు. తొందరపెట్టేవాడు కాదు. ఆ ఊరకే కూర్చోవడమే పున్నయ్య భార్య మాణిక్యమ్మకి ప్రాణం మీదికొచ్చేది.

"తెనాల్లో ఏదో మందు అమ్ముతున్నారంట వదినా," అన్నాడు ఒకరోజు. "ఇంజనుకి తాగిస్తే బొగ్గు కరిగి పొగలో పోతదంట."

"మీ అన్న ఒప్పుకోడు."

"అన్నకెందుకు చెప్పడం?"

మాణిక్యమ్మ రేపల్లె దాకా బస్సులో, అక్కణ్ణించి రైల్లో తెనాలి వెళ్ళింది. స్పేరుపార్టుల కొట్లో లక్ష్మీనారాయణ అనే పెద్దాయన డబ్బా ఇచ్చి, వాడే పద్ధతి ఓపిగ్గా చెప్పాడు.

"మంచి మందేనమ్మా. కాని ముదిరిన బొగ్గు మీద ఒక్కసారే ఎక్కువ పోస్తే పెళ్ళలు ఊడి లోపల అడ్డం పడతాయి. ముందు గీకించి, ఆ తర్వాత కొంచెం కొంచెం వాడితే మళ్ళీ పేరుకోదు."

"గీకే మనిషికే చెయ్యి పడిపోయిందండి."

"అయితే చూసుకుంటూ వాడండమ్మా," అన్నాడాయన.

తిరుగు రైల్లో సీటు దొరకలేదు. డబ్బా చంకలో పెట్టుకుని రేపల్లె దాకా నిలబడే వచ్చింది.

పున్నయ్య డబ్బా చూసి లేచి కూర్చున్నాడు. "నా చేతికి బదులు తెచ్చావా?"

"అవును. లేకపోతే ఎవరు చేస్తారు?"

మర్నాడు అతను షెడ్డులోకి వచ్చాడు. దేవదానం తన ఇంజన్ని, వేడెక్కకుండా, నీళ్ళ డ్రమ్ముకి తగిలించాడు. మాణిక్యమ్మ భుజాలు పీక్కుపోయేలా తాడు లాగితే ఎప్పటికో అందుకుంది. పున్నయ్య చెబుతుంటే కార్బురేటరు నోట్లో మందు సన్నటి ధారగా పోసింది. ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయింది. నాననిచ్చి, పొద్దు వాలాక మళ్ళీ లాగారు. నల్లటి పొగ షెడ్డు నిండి బయటికి పొర్లింది. పక్కన చేపలు ఎండబెట్టుకునే తులసి పరుగెత్తుకొచ్చింది.

"ఏంటిది అక్కా! నా చేపలన్నీ మసి!"

ఇద్దరూ కలిసి చేపలు పరిచిన పట్టాల్ని దూరంగా లాగారు. వెనక్కి వచ్చేసరికి పొగ పలచబడింది. ఇంజను చప్పుడు సాఫీగా ఉంది. దేవదానం మొహం వెలిగింది. ఇంజనుతో పాటు మిగిలిన మందూ తీసుకున్నాడు.

"డబ్బా కిరసనాయిలుకి ఒక్క మూత. అంతకి మించొద్దు," అన్నాడు పున్నయ్య.

కొద్దిరోజులు పడవ బాగానే నడిచింది. కాస్త పోస్తేనే ఇంత బాగుంటే అంతా పోస్తే ఇంకెంత బాగుంటుందో అనుకున్నాడేమో దేవదానం, ఉన్నదంతా ట్యాంకులో వంచేశాడు. నడిసముద్రంలో ఇంజను టక్కున ఆగింది. వేరే పడవవాళ్ళు తాడు కట్టి ఈడ్చుకొచ్చారు. వస్తూనే ఇంజన్ని షెడ్డులో దించి మాణిక్యమ్మ మీద అరిచాడు.

"అది మందా, విషమా వదినా?"

పున్నయ్య ఎడం చేత్తో ప్లగ్గు విప్పాడు. దాని కొన దగ్గర బొగ్గు పెళ్ళ ఇరుక్కుని ఉంది.

"మందెంత మిగిలింది?"

దేవదానం నేలచూపులు చూశాడు. "లేదన్నా. పోసేశా."

"హెడ్డు విప్పాల్సిందే," అన్నాడు పున్నయ్య. అని, తన కట్టు వైపు చూసుకుని అక్కడే కూలబడ్డాడు.

మాణిక్యమ్మ గోడకి వేలాడుతున్న గీకుడుపుల్ల అందుకుంది. అది అరిగిపోయిన రంపపు బద్ద. హెడ్డు విప్పడం దేవదానం చూసుకున్నాడు. ఆమె గీకడం మొదలుపెట్టింది.

"పుల్ల నిలబెట్టకు. పడుకోబెట్టి గీకు. లోహం మెత్తన, గాటు పడుద్ది," అన్నాడు పున్నయ్య.

మెత్తబడిన చోట బొగ్గు బురదలా వచ్చింది. మిగతాచోట కదల్లేదు. మధ్యాహ్నానికి ఆమె బొటనవేలు ముడుచుకోవడం మానేసింది. మోచెయ్యి దాకా సలుపు. చెయ్యి విదిలించుకుంటూ మొగుడి వంక చూసింది.

"ఇన్నేళ్ళూ ఇదా నువ్వు చేసింది?"

"ఊఁ."

"ఎప్పుడూ చెప్పలేదే."

"ఏం చెప్తాను? ఇంటికొచ్చి నీ మీద అరిచేవాణ్ణిగా." ఎడం చేత్తో కట్టు సవరించుకుంటూ అన్నాడు, "నీ మీద కాదే ఆ కోపం."

ఆమె మళ్ళీ పుల్ల పడుకోబెట్టింది. దేవదానం ఇంకో బద్ద వెతుక్కుని ఆమెకి ఎదురుగా కూర్చుని, పిస్టన్ మీది బొగ్గు గీకాడు. సాయంత్రం హెడ్డు బిగించి తాడు లాగితే రెండో లాగుకే ఇంజను అందుకుంది. ఎవరూ సంబరపడలేదు. అంత ఓపిక ఎవరికీ లేదు.

ఆ తర్వాత తెనాలి నుంచి మళ్ళీ తెచ్చిన మందు మాణిక్యమ్మ దగ్గరే ఉండేది. వేటకి పోయేముందు కిరసనాయిలు డబ్బాలు ఆమె ముందు పెడితే తనే మూతతో కొలిచి పోసేది. గీకించుకునేవాళ్ళు తగ్గారు గాని, గీకుడు పూర్తిగా తప్పలేదు. పున్నయ్య చెయ్యి మళ్ళీ మామూలుగా రాలేదు. ఆమె గీకిన రోజు ఎడం చేత్తో పొయ్యి అతనే రాజేసేవాడు. అన్నం ఒక్కోసారి మాడేది. ఇద్దరూ అదే తిని పడుకునేవాళ్ళు.