మోచెయ్యీ, పండగ పిండీ

నా కూతురు అబద్ధమాడుతోందని బరువుల కోచ్ కెప్టెన్ షౌకీ డాక్టర్ గదిలో నా ఎదుటే అన్నాడు.

"బరువులు మాన్పించి పదిహేను రోజులైంది. ఈపాటికి నొప్పి సగానికి సగం తగ్గాలి. పెరిగిందంటే ఏంటర్థం? నాకు తెలీకుండా ఎక్కడో ఎత్తుతోంది. నన్ను మోసం చేసేవాళ్ళకి నా హాల్లో చోటు లేదమ్మా."

అలెగ్జాండ్రియాలో ఆయన నోటికి జడవని బరువుల వాళ్ళెవరూ లేరు. నేను బరువుల మనిషిని కాను కాబట్టి జడవలేదు. రంజాను ఉపవాసపు నోటితో కోపం కూడదని తెలుసు. అయినా ఆగలేదు.

"నా బిడ్డ ఇనుము ముట్టుకుని ఉంటే నా చేతులు పడిపోవాలి!" అన్నాను.

పక్కన తస్నీమ్ తల వంచుకుని కూర్చుంది. పందొమ్మిదేళ్ళ పిల్ల. కుడి మోచేతి బయటివైపు ఎముక మీద నొప్పి. టీ గ్లాసు ఎత్తినా పళ్ళు బిగబట్టేది. ట్యూనిస్‌లో జరిగే పోటీలకు పండగ వెళ్ళిన నాలుగో రోజున ఎంపిక. దానికోసం అయిదేళ్ళుగా తెల్లవారకముందే ట్రామెక్కి హాలుకు పోయేది. ఈ గదిలోంచి బయటికి వెళ్ళేలోగా ఆ అవకాశం ఉంటుందో పోతుందో తేలిపోతుంది.

డాక్టర్ నెవీన్ మా ఇద్దరి అరుపులూ పట్టించుకోలేదు. సన్నగా, పొట్టిగా ఉంటుంది ఆ డాక్టర్ పిల్ల. తస్నీమ్ చేతిని బల్ల మీద చాపించి, నడిమి వేలు పైకెత్తమని, దాన్ని తన వేలితో కిందికి నొక్కింది. నా కూతురు "అమ్మా" అంది. వంద కిలోలు తలమీదికి ఎత్తేటప్పుడు కూడా దాని నోట ఆ మాట వినలేదు నేను.

"కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే తాడు ఉంటుంది చూడండి, అది దెబ్బతింది," అంది డాక్టర్. "మొదలుపెట్టింది బరువులే. కానీ తగ్గనివ్వకుండా ఇంకేదో రోజూ లాగుతోంది. ఆంటీ, ఇంట్లో ఈ చేత్తో ఏం పని చేస్తుంది?"

నేను నవ్వాను. నిజంగా నవ్వాను.

"పనా? ఇంటిపనేం చెప్పను డాక్టరమ్మా. హాలు లేదు కదా, ఖాళీగా ఉందని పండక్కి చేసే కహ్క్ బిస్కట్లకి పిండి కలుపుతోందంతే. మాదే కాదు, మా మేడంతటికీ! ఇంటికి అయిదేసి కిలోలు. మా ఆడవాళ్ళకి గంట పట్టేది అది పావుగంటలో తేల్చేస్తుంది. ఎర్రగా కాచిన నెయ్యి పోసి పిండిని అరచేతులతో రుద్దుతుంటే చూడాలి మీరు. వంద కిలోలెత్తే పిల్లకి పిండి ఒక బరువా?"

బయట చేపలమ్మేవాడి కేక వినిపించింది.

"ఎన్ని ఇళ్ళు?" అని అడిగింది డాక్టర్, మెల్లగా.

"పన్నెండు," అన్నాను. అంటుంటేనే నా గొంతు నాకు వినబడింది.

కెప్టెన్ తన బట్టతల రుద్దుకున్నాడు. తస్నీమ్ వైపు తిరిగి, "అమ్మాయ్, నేనన్న మాట తప్పు. వెనక్కి తీసుకుంటున్నా," అన్నాడు. ఆ మనిషి నోట ఆ మాట రావడం ఎంత అరుదో నాకు తెలుసు. సంతోషించాల్సిందే. కానీ ఆయన ఆగలేదు. "ఈసారి నీ పేరు పంపను. ఈ చేత్తో పంపితే ఆ చెయ్యి నీకు మిగలదు. చలికాలం ఎంపికకి చూద్దాం."

ట్యూనిస్‌ను నేనే పిసికి ముద్ద చేశాను.

డాక్టర్ వైద్యం చెప్పింది. మాత్రలు కాదు, సూదులు కాదు. ముంజెయ్యి బల్ల మీద, అరచెయ్యి బల్ల అంచుకు బయట, పిడికిలి బోర్లా. చేతిలో కిలో బరువు. ఎడమ చేత్తో సాయంపట్టి పైకెత్తాలి, కుడిచేత్తో అయిదు లెక్కపెడుతూ కిందికి దించాలి. పదిహేనుసార్లు, మళ్ళీ పదిహేను, మళ్ళీ పదిహేను. కాస్త నొప్పి ఉన్నా పరవాలేదు, మర్నాటికి పెరగకూడదు. నెలలు పట్టొచ్చు. చేతిని పూర్తిగా పడుకోబెట్టినా ఆ తాడు బాగుపడదట, లాగి పీకినా బాగుపడదట.

తిరిగి వస్తూ ట్రామ్‌లో కిటికీ పక్కన కూర్చున్నాం. అయిదేళ్ళ కిందటి మాట గుర్తొచ్చింది. తస్నీమ్ మొదటిసారి హాలుకు వెళ్ళిన రోజు మా కింది అంతస్తు సబ్రీ వాళ్ళమ్మ మెట్ల మీద నిలబడి, "దీన్ని చేసుకునేవాడు ముందు ఒక క్రేన్ కొనుక్కోవాలి," అంది. మేడంతా నవ్వింది. ఆ నవ్వు అయిదేళ్ళు నా గొంతులోనే ఉంది. ఈ రంజానులో అదే సబ్రీ వాళ్ళమ్మ పిండి గిన్నె పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. "మీ పిల్ల చెయ్యి పడితే కహ్క్ నోట్లో కరిగిపోతుందట కదా," అంది. ఆ ఒక్క మాటకి నేను కూతుర్ని పన్నెండు ఇళ్ళకు పంచేశాను.

"నొప్పి పిండి వల్లేనని నీకు తెలుసా?" అని అడిగాను.

"రెండో రోజే తెలిసింది."

"మరి నోరు తెరిచి చెప్పొచ్చుగా! కెప్టెన్ అన్ని మాటలంటుంటే కూడా దిమ్మలా కూర్చున్నావే?"

తస్నీమ్ కిటికీ వైపునుంచి ముఖం తిప్పలేదు. "సబ్రీ వాళ్ళమ్మ గిన్నెతో వచ్చినప్పుడు నీ మొహం చూశానమ్మా. నేను పతకం తెచ్చిన రోజున కూడా అలా లేదు."

నాకు ఏడుపొచ్చింది. ట్రామ్‌లో అందరి ముందూ ఏడ్చాను. ఎవరో ముసలాయన, ఉపవాసం నీరసమేమో, మగ్రిబ్ నమాజు వేళ దగ్గరపడిందిలే తల్లీ, అన్నాడు.

ఇంటికి చేరేసరికి మా గుమ్మం పక్కన మెట్ల మీద సబ్రీ వాళ్ళమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో పెద్ద గిన్నె, పక్కన గుడ్డ చుట్టిన నేతి గిన్నె. రెండో విడత అయిదు కిలోలు.

"ఎక్కడికి పోయారే తల్లీకూతుళ్ళు? నెయ్యి చల్లారిపోతోంది. రా తస్నీమ్, చేతులు పైకి మడుచుకో."

"అది పిసకదు," అన్నాను.

"అదేం?"

"చెయ్యి నొప్పి. డాక్టర్ వద్దంది."

"చాల్లే. వంద కిలోలెత్తే పిల్లకి పిండి ఒక బరువా?"

అది నేను అందరి దగ్గరా అంటూ వచ్చిన మాటే. మేడంతా తిరిగి నా దగ్గరికే వచ్చింది. పై అంతస్తులో ఒక తలుపు తెరుచుకుంది, ఆ పైన ఇంకోటి. తగ్గు గొంతుతో చెప్పి లోపలికి పోవచ్చు. కానీ గొప్పలన్నీ ఈ మెట్ల మీదే అరిచి చెప్పాను కదా.

"వినండమ్మా అందరూ!" అన్నాను పైకి చూస్తూ. "నా కూతురి మోచెయ్యి పాడైంది. పాడు చేసింది నేను. మీ గిన్నెలు చూసి మురిసిపోయి దాన్ని అరగదీశాను. ట్యూనిస్ పోయింది. ఇంక మా గుమ్మం దగ్గరికి పిండి తేవద్దు."

తస్నీమ్ నా భుజం మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేసి, లోపలికి వెళ్ళింది.

సబ్రీ వాళ్ళమ్మ గిన్నె తీసుకుని వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. గిన్నె మెట్టు మీద పెట్టి, నెయ్యి పోసి, గాజులు పైకి తోసుకుని పిండిలో చేతులు పెట్టింది. నేనూ ఎదురుగా కూర్చుని రెండోవైపునుంచి అందుకున్నాను. ఇద్దరం ఏళ్ళ తరబడి ఎదురుపడ్డవాళ్ళమే, ఒక గిన్నెలో చేతులు పెట్టింది అదే మొదలు.

తెరిచిన తలుపులోంచి తస్నీమ్ గొంతు వినిపిస్తోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. కాస్త ఆగి మళ్ళీ ఒకటి.

"ఏం చేస్తోంది?" అంది సబ్రీ వాళ్ళమ్మ.

"బరువు పట్టుకుని లెక్కపెడుతోంది."

"ఎంత బరువు?"

అయిదేళ్ళుగా ఆ ప్రశ్నకు జవాబు నా నాలిక చివరే ఉండేది. అది ఎత్తినదానికి అయిదో పదో కలిపి చెప్పేదాన్ని.

"కిలో," అన్నాను. "బియ్యం సంచీ. ఎత్తడం కూడా కాదు, దించుతోంది."

సబ్రీ వాళ్ళమ్మ నవ్వలేదు. చేతులు పిండిలో ఆపి, లోపలి లెక్క అయిదు దాకా వింది.