ట్యాంకు నిండకూడదు

"ఇంకో కప్పు నీళ్ళు పోస్తే ఆ పళ్ళెం ఏమన్నా బంగారమైపోతుందా?" అన్నాడు డ్వేన్, సోఫాలోంచి తల కూడా ఎత్తకుండా.

ఆర్లిస్ చేతిలో కప్పు కింద పెట్టేసింది. పళ్ళేన్ని ముందు కాగితంతో తుడవాలి, తర్వాత తడిగుడ్డతో తుడవాలి, ఆఖర్న ఒక్క కప్పు నీళ్ళు. ఆరు చలికాలాలుగా ఇదే పద్ధతి. గుడ్డు పచ్చసొన ఎండిపోయాక కప్పు నీళ్ళకి పోదన్న సంగతి తిన్నవాడికెలా తెలుస్తుంది? గోటితో గీకింది. గీకుతుంటే నడుములో ఎడమపక్క సూదితో పొడిచినట్టు కలుక్కుమంది. రెండు రోజులుగా అంతే. ఒంట్లో వెచ్చగా కూడా ఉంది. ఎడారి ఎండ తగిలుంటుందిలే అనుకుంది. అనుకోవడమేమిటి, డ్వేన్ అన్నాడు, ఆమె ఒప్పుకుంది.

నార్త్ డకోటాలో మంచు మోకాళ్ళ దాకా పేరుకునే వేళకి వాళ్ళిద్దరూ ట్రక్కు వెనక ట్రైలర్ తగిలించుకుని అరిజోనా ఎడారికి వచ్చేస్తారు. చక్రాల మీద ఇల్లు అది. వంటగట్టు, మంచం, మనిషి పక్కకి తిరిగి నిలబడేంత బాత్రూమ్. దాని పొట్టలో మూడు ట్యాంకులు: మంచినీళ్ళకొకటి, సింకులోంచీ షవర్లోంచీ పోయే నీళ్ళకొకటి, మరుగుదొడ్డికొకటి. మొదటిది ఖాళీ అయితే డబ్బాలతో తెచ్చి పోసుకోవచ్చు. మిగతావి నిండాయంటే మాత్రం కుర్చీలూ పందిరీ మడిచి, అటకల మీదవన్నీ కిందికి దించి, ట్రైలర్ తగిలించి, ముప్పావుగంట దూరంలో ఉన్న ఊరికి లాక్కెళ్ళి గుంటలో ఖాళీ చేసుకురావాలి. అదిగో, అక్కడొచ్చింది మగవాళ్ళ పౌరుషమంతా. వాళ్ళు దిగే ప్రభుత్వ భూమిలో అద్దె లేకుండా రెండు వారాలుండనిస్తారు. ఆ రెండు వారాలూ ట్యాంకు ఖాళీ చేయకుండా, బండి కదపకుండా గడిపినవాడు మొనగాడు. వాడికి బంగారు రంగు పూసిన టాయిలెట్ సీటు బహుమతి. నవ్వులాటకే పెట్టారు, కానీ డ్వేన్ దాన్ని వరసగా మూడేళ్ళు గెలిచి ట్రైలర్ ముందు భాగానికి వేలాడదీశాడు. వచ్చేపోయేవాళ్ళు దానితో ఫోటోలు దిగుతుంటే పక్కన నిలబడతాడు, పెళ్ళికొడుకులాగా.

గెలవడానికి నియమాలు కావాలిగా. నియమాలన్నీ ఆర్లిస్‌కే. తలస్నానం వారానికొకసారి, అదీ ఒళ్ళు తడుపుకుని నీళ్ళు కట్టేసి, సబ్బు రుద్దుకుని, మళ్ళీ తిప్పి ఒక్క నిమిషంలో కడుక్కుని బయటికొచ్చేయాలి. ఒంటికి వెళ్ళాలంటే ట్రైలర్లో కాదు, మైదానం చివర గుంత మీద కట్టిన దొడ్డి ఉంది, అక్కడికి. రాళ్ళదారి. గాలి వీస్తే తలుపు పట్టుకుని కూర్చోవాలి. డ్వేన్‌కి మోకాళ్ళ నొప్పులు కాబట్టి అతను లోపలిదే వాడతాడు. "ఒక మనిషికైతే సరిపోతుంది, ఇద్దరికి చాలదు" అని మొదటి ఏడాదే లెక్క తేల్చాడు. ఆ ఒక మనిషి ఎవరన్నది ఇద్దరిలో ఎవరూ అడగలేదు. అంత దూరం మాటిమాటికీ నడవలేక ఆర్లిస్ అసలు నీళ్ళే తగ్గించేసింది. పొద్దున ఒక కాఫీ, మధ్యాహ్నం భోజనంతో నాలుగు గుక్కలు, ఆ తర్వాత పెదాలు తడుపుకోవడమే. డ్వేన్ తల్లి బతికున్న రోజుల్లో పొలంలో పనుల మధ్య అంటుండేది: "మా కాలంలో పొద్దున వెళ్ళామంటే మళ్ళీ సాయంత్రమే. మగవాళ్ళు చూస్తుండగా ఎక్కడికి పోతాం? బిగబట్టుకునేవాళ్ళం. ఇప్పటి ఆడపిల్లలకి పొట్టలో తొట్టి లేదు, జల్లెడుంది." అందరూ నవ్వేవారు. కొత్తకోడలు ఆర్లిస్ కూడా నవ్వింది. తను జల్లెడ కాదని చూపించుకోవాలనుకుంది అప్పట్లో. ఎంత పిచ్చిది!

ఇక ఆ దీపాలు. తలుపు పక్కన చిన్న పలక, దాని మీద బొత్తాం నొక్కితే ట్యాంకు ఎంత నిండిందో దీపాలు వెలుగుతాయి. మరుగుదొడ్డి ట్యాంకుకి ఎప్పుడు నొక్కినా మూడో దీపం వెలిగే ఉంటుంది, అంటే ముప్పావు నిండినట్టు. ఖాళీ చేసుకొచ్చిన రోజున కూడా అంతే. మొదట్లో ఆర్లిస్ అడిగింది. "అడుగున గట్టిపడింది పోదు. మనకున్న చోటు ఆ పైన పావు వంతే. దాంట్లోనే సర్దుకోవాలి" అన్నాడు డ్వేన్. ట్యాంకు పనులు మగవాళ్ళవి, గొట్టాలూ చేతితొడుగులూ వాళ్ళవే. ఆమె ఎప్పుడూ తొంగి చూడలేదు. రోజూ నిద్ర లేవగానే బొత్తాం నొక్కేది, మూడో దీపం చూసేది, చెప్పులేసుకుని రాళ్ళదారి పట్టేది.

ఆ పూట పళ్ళాలు సర్దుతుండగా చలి మొదలైంది. బయట ఎండ మండిపోతుంటే ఆర్లిస్ పళ్ళు టకటకలాడాయి. దుప్పటి కప్పుకుని మెట్టు మీద కూర్చుంది. పక్క ట్రైలర్ వెల్డా కాఫీ పొడి అడగడానికొచ్చి, ఆమె మొహం చూసి, నుదుటి మీద చెయ్యి వేసింది.

"అమ్మాయ్, కాలిపోతున్నావు! డ్వేన్, చూశావా దీన్ని?"

"ఎండదెబ్బ. రాత్రికి తగ్గిపోతుంది" అన్నాడు డ్వేన్ లోపల్నించి. "ట్రక్కు తీయాలంటే చక్రాల కింద దిమ్మలన్నీ లాగాలి."

"నీ ట్రక్కు నువ్వే పెట్టుకో" అని వెల్డా తన కారు తీసింది.

ఊళ్ళో ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసుది. పరీక్షలు చేసింది. మూత్రపిండానికి ఇన్ఫెక్షన్ పాకిందంది. ఇంకో రెండు రోజులు ఆలస్యం చేస్తే రక్తంలోకి ఎక్కేదంది. సూది మందు ఇచ్చి, పక్కన కూర్చుని అడిగింది: "రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతారండీ?"

ఆర్లిస్ చెప్పింది.

"ఇంత ఎండలోనా? దాహం వేయదా?"

"వేస్తుంది."

"మరి తాగరేం?"

"ట్యాంకు నిండిపోతుంది కదండీ" అంది ఆర్లిస్, ఎవరికైనా తెలిసిన విషయం చెబుతున్నట్టు.

డాక్టరమ్మ రాయడం ఆపేసింది. ఆ పిల్ల కళ్ళల్లో కనిపించింది జాలి కాదు, భయం. చిన్నపిల్ల ఏదో అనరాని మాట అంటే పెద్దవాళ్ళు చూసే చూపు అది. ఆర్లిస్‌కి అప్పుడు తన మాట తనకే వినిపించింది. ట్యాంకు నిండిపోతుంది. ఎవరి ట్యాంకు? ఏం నిండుతుంది? అరవై మూడేళ్ళ మనిషి, ఒకప్పుడు బడిలో వందలమంది పిల్లలకి వండి పెట్టిన మనిషి, "నీళ్ళు తాగండర్రా" అని ఒక్కొక్కడి వెంటా పడి గ్లాసులు నింపిన మనిషి!

తిరిగి వస్తుంటే వెల్డా చాలాసేపు తిట్టింది. ఎవర్ని తిడుతోందో చెప్పకుండా తిట్టింది. ఆర్లిస్ సర్దిచెప్పబోయింది. "అతని తప్పు కాదు వెల్డా. మా ట్యాంకులో చోటు లేదు. ఎప్పుడు చూసినా ముప్పావు నిండే ఉంటుంది, దీపం చూపిస్తుందిగా."

వెల్డా కారు వేగం తగ్గించింది. "ఏ దీపం?"

"తలుపు పక్కన."

"అయ్యో నా తల్లీ! ఆ దీపాన్ని ఎవరైనా నమ్ముతారా? కాగితం ముక్క గోడకి అంటుకుంటే చాలు, ఖాళీ ట్యాంకుని కూడా నిండిందంటుంది. మాదీ అంతే, అందరిదీ అంతే. మరుగుదొడ్డి పెడల్ తొక్కితే అడుగు మూత తెరుచుకుంటుంది, టార్చి వేసి చూసుకోవాలి. మా ఆయన ఫ్లాయిడ్‌కి ఆ కిటుకు నేర్పిందెవరనుకున్నావు? మీ డ్వేనే!"

"ఎప్పుడు?"

"మీరొచ్చిన మొదటి చలికాలమే. దీపాన్ని నమ్మకు, కళ్ళతో చూడు అని పెద్ద పాఠం చెప్పాడు."

ఆర్లిస్ మొహం పక్కకి తిప్పుకుంది. కిటికీలోంచి ముళ్ళపొదలు వెనక్కి పోతున్నాయి. మొదటి చలికాలం. మోకాలు కొట్టుకుపోయిన చలికాలం కూడా అదే. వాన పడి రాళ్ళు జారుతుంటే దొడ్డి దాకా వెళ్ళి పడింది. డ్వేన్ కట్టు కట్టాడు. ఎంతో ప్రేమగా కట్టాడు. "చూసుకుని నడవాలి కదా" అన్నాడు. ఆ ప్రేమకి ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా.

ట్రైలర్ దగ్గరికొచ్చేసరికి డ్వేన్ బయట ఫ్లాయిడ్‌తో మాట్లాడుతున్నాడు. ఆమె తిన్నగా బాత్రూమ్‌లోకి వెళ్ళింది. పెడల్ తొక్కి ఫోను వెలుగు లోపలికి వేసింది. చూడగానే వెనక్కి గోడకి ఆనుకుంది. అడుగున ఎక్కడో కాస్త మురికి మెరుస్తోంది. సగం కూడా లేదు. పది రోజులకి పైగా అయింది వచ్చి. చీకటి, ఖాళీ, బోలెడంత ఖాళీ. తను బిగబట్టుకున్న రోజులన్నీ, ఎండిన నాలుకలన్నీ, గాలికి తలుపు పట్టుకుని కూర్చున్న చలి పొద్దులన్నీ ఆ ఖాళీలోంచి ఆమె వైపు చూశాయి. ఛీ, అనుకుంది. ఎవర్ని అనుకుందో ఆమెకే తెలియదు.

డ్వేన్ లోపలికొచ్చాడు. "ఏమన్నారు? ఎండదెబ్బేనా?"

"దీపం అబద్ధమని నీకు తెలుసా?"

అతను బొంకుతాడనుకుంది. బొంకితే బాగుండుననుకుంది. బొంకితే సిగ్గుపడ్డట్టు, సిగ్గుపడితే తప్పని తెలిసినట్టు.

"తెలుసు" అన్నాడు డ్వేన్, టోపీ తీసి కొక్కేనికి తగిలిస్తూ. "అందరికీ తెలుసు. ఇప్పుడేమైంది?"

"నాకు తెలియదు."

"నీకు చెప్తే వాడేస్తావుగా" అన్నాడు. కోపం లేదు, బెరుకు లేదు. పైగా నవ్వాడు, మంచి ఉపాయం చెప్పేవాడిలా. "చోటుందని తెలిస్తే మనిషి ఊరుకోడు ఆర్లిస్. లేదనుకుంటే సర్దుకుంటాడు. చూడు, ఎంత బాగా కుదిరిందో! మూడేళ్ళు మనల్ని కొట్టినవాడు లేడు. ఇంకా మూడే రోజులు. మాత్రలు వేసుకుని పడుకో."

మనల్ని అన్నాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఇతను తనని కొట్టలేదు, తాగి రాలేదు, ఇంకో ఆడదాని వంక చూడలేదు. ఊరంతా మంచివాడంటుంది. నిజంగా మంచివాడే. మంచివాడుగా ఉంటూనే, కాఫీ తాగుతూనే, ఆరు చలికాలాలు కిటికీలోంచి ఆమె రాళ్ళదారిన నడిచి వెళ్ళడం చూస్తూ కూర్చున్నాడు. రోజూ చూశాడు. ఒక్కసారైనా "రావే, లోపలే వెళ్ళు" అనాలనిపించలేదు. ఆమెకి ఏడుపు రాలేదు. ఎవరో అపరిచితుడు ఇంట్లో దూరి, డ్వేన్ చొక్కా వేసుకుని, డ్వేన్ కుర్చీలో కూర్చున్నట్టనిపించింది.

ఆ మూడు రోజులూ ఆర్లిస్ మాత్రలు వేసుకుంది, జాడీల కొద్దీ నీళ్ళు తాగింది, ట్రైలర్లోనే బాత్రూమ్‌కి వెళ్ళింది. ప్రతిసారీ డ్వేన్ పత్రిక దించి చూసేవాడు. జబ్బు మనిషి కదా, ఓర్చుకుంటున్నాడు పాపం.

ఆఖరి రోజు నాలుగింటికి అలవాటు ప్రకారం అందరూ కుర్చీలు తెచ్చుకుని గుండ్రంగా కూర్చున్నారు. ఫ్లాయిడ్ బంగారు సీటుని తువ్వాలుతో తుడిచి తెచ్చాడు. తొమ్మిదో రోజుకే బండి కదపాల్సొచ్చిందని తనమీద తనే జోకులేసుకున్నాడు. డ్వేన్ సీటు అందుకుని మెడలో వేసుకున్నాడు. చప్పట్లు కొట్టారు.

"రహస్యమేంటో చెప్పవయ్యా!" అని ఎవరో అరిచారు.

"రహస్యమేం లేదు. ముందుచూపు. క్రమశిక్షణ" అన్నాడు డ్వేన్. "మనిషికి తన మీద తనకి అదుపుండాలి."

ఆర్లిస్ లేచి నిలబడింది. "డ్వేన్ ఒకటి చెప్పడం మర్చిపోయాడు. మా ట్రైలర్‌కి ఇంకో ట్యాంకుంది."

"ఓరి నీ! ఎక్కడ పెట్టించావ్?" అన్నాడు ఫ్లాయిడ్, నిజంగా ఆశ్చర్యపోయి.

ఆర్లిస్ ఎడమ నడుము మీద చెయ్యి వేసుకుంది. "ఇక్కడ. ఇన్నేళ్ళుగా ఇతను గెలుస్తున్నది దీనితోనే. మొన్న ఇది పాడైంది."

ఒకరిద్దరు నవ్వడం మొదలుపెట్టి మధ్యలో మానేశారు. ఆడవాళ్ళెవరూ నవ్వలేదు. వెల్డా పక్కన కూర్చున్న ముసలామె చేతిలో గ్లాసు వైపు చూసుకుంది, అంతసేపూ అందులో నీళ్ళు ముట్టుకోలేదని అప్పుడే గమనించినట్టు.

"జ్వరం ఇంకా తగ్గలేదు దీనికి" అన్నాడు డ్వేన్, సీటు మెడలోంచి తీస్తూ.

"ట్రక్కు తాళాలియ్యి."

"మందులు అయిపోయాయా?"

"ఇంటికి వెళ్తున్నాను. ఈ రాత్రికి ఊళ్ళో హోటల్లో ఉండి, నెమ్మదిగా."

"ట్రైలర్ తగిలించొద్దూ? రేపు పొద్దున కదా ఈ చోటు ఖాళీ చేయాలి?"

"ట్రైలర్ నువ్వు ఉంచుకో."

డ్వేన్ చుట్టూ చూశాడు. ఎవరూ అతనికి సాయం రాలేదు. అలవాటు కొద్దీ చెయ్యి జేబులోకి పోయి తాళాలు తీసింది. ఆమె అందుకుంది.

"నీకేమన్నా పిచ్చా ఆర్లిస్? ట్రక్కు లేకుండా నేనిక్కడ్నించి కదిలేదెట్లా? ట్యాంకు నిండితే ఏం చేయాలి?"

ఆమె వెళ్ళబోతున్నదల్లా ఆగింది. ఎందుకు వెళ్తున్నావని అతను అడగలేదు. ఒంట్లో ఎలా ఉంది, అంత దూరం నడపగలవా అని అడగలేదు. నలభై ఏళ్ళ తర్వాత అతనికి మొట్టమొదట తట్టిన భయం ట్యాంకు గురించి. ఇంకా ఆశ్చర్యపోవడానికి తనలో ఇంత మిగిలుందని ఆర్లిస్‌కి తెలియదు.

"ఎందుకు నిండుతుంది డ్వేన్?" అంది నెమ్మదిగా. "ఒక మనిషికైతే సరిపోతుందన్నావుగా."