స్టెల్లన్ పెట్టిన దూకుడు

మంచు మొదలయ్యాక కారు పొద్దున్నే స్టార్టవడానికి మొరాయిస్తోందని రగ్న్‌హిల్డ్ దాన్ని హర్నోసాండ్ ఊళ్లో మెకానిక్ ఎస్కిల్ షెడ్డుకు తెచ్చింది. కారు ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ ప్రోగ్రామ్, పోయినేడు చనిపోయిన ఆమె భర్త స్టెల్లన్ స్వయంగా రాసుకున్నది.

"మొత్తం కొత్తగా రాస్తే కారు వెన్నలా నడుస్తుంది," అన్నాడు ఎస్కిల్. "లేదంటే చలి సంగతి ఒక్కటే సరిచేస్తాను. యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్కసారిగా ముందుకురికేలా మనవాడు పెట్టిన ఆ మొండి దూకుడు అలాగే ఉంటుంది. పెట్రోలూ తాగుతుంది."

"కొత్తది రాస్తే దూకుడు పోతుందా?"

"పోతుంది మరి."

"రేవు దగ్గర ఎత్తెక్కేటప్పుడు అది దూకితే నేను కెవ్వున అరిచేదాన్ని. తను పడీ పడీ నవ్వేవాడు. దాన్ని ముట్టుకోకు, ఎస్కిల్."

చలి సంగతి సరిచేసి ఎస్కిల్ తాళాలు ఇవ్వబోయాడు. ఆమె అందుకోకుండా పక్క సీట్లో కూర్చుంది.

"నువ్వు నడుపు. నేనెప్పుడూ ఇటే కూర్చునేదాన్ని."

ఎస్కిల్ స్టీరింగ్ ముందు కూర్చుని కారును రేవు వైపు తిప్పాడు.