ఉనైసా ఇవ్వని పాలు

కూఫా పట్టణంలో ఉనైసా నోటికి జడవనివాళ్ళు లేరు. తను అమ్మే మేకపాలలో ఒక్క చుక్క నీళ్ళు కలిపావని ఎవరైనా అన్నారో, వాళ్ళ ఏడు తరాలనీ వీధిలోకి లాగి ఉతికి ఆరేసేది. అలాంటి మనిషి ఏడాదిన్నరగా తన నోటికి తనే జడుస్తోంది. ఆ నోటితో ఒక అబద్ధం ఆడింది మరి. అదీ మామూలు అబద్ధమా? పాల గురించి!

సిఫ్ఫీన్ యుద్ధం జరిగిన ఏటి సంగతి అది. ఒకే దేవుడికి ఒకే దిక్కు తిరిగి మొక్కేవాళ్ళు, ఇరాక్ వాళ్ళు ఇటూ సిరియా వాళ్ళు అటూ నిలబడి ఒకళ్ళనొకళ్ళు నరుక్కున్నారు. గాయపడ్డవాళ్ళకి నీళ్ళు మొయ్యడానికి సైన్యం వెంట వెళ్ళిన ఆడవాళ్ళలో ఉనైసా ఒకతె. తిరుగుదారిలో నది ఒడ్డున, రెల్లు పొదల్లో, తొడలో ఈటె దెబ్బతో ఒక కుర్రాడు పడి ఉన్నాడు. పేరు నుఫైల్. సిరియా వైపువాడు. ఆవిణ్ణి చూసి, "అమ్మా, నీళ్ళు" అన్నాడు. ఆ "అమ్మా" అన్న మాటకే ఆవిడ కరిగిపోయింది. ఎత్తి గాడిద మీద వేసుకుంది.

పది అడుగులు వేసిందో లేదో, తెగపెద్ద ఖబీసా ఎదురుపడ్డాడు. చేతిలో ఈటె, వెనక పది మంది మగవాళ్ళు. అతని ఆఖరి తమ్ముణ్ణి సిరియా వాళ్ళు చంపి అప్పటికి నాలుగు రోజులు.

"ఎవడు వదినా వీడు?"

నేను ఆశ్రయమిచ్చాను అంటే సరిపోయేదే. ఆడదాని ఆశ్రయాన్ని కూడా అక్కడ కాదనరు. కానీ ఖబీసా కళ్ళు చూశాక ఆ మాట చాలదనిపించింది ఆవిడకి.

"నా పాలు తాగినవాడు! మా జుమానాతో పాటు వీడికీ రొమ్మిచ్చాను. పొడవాలంటే ముందు నన్ను పొడువు!"

ఒక తల్లి పాలు తాగితే తోబుట్టువులే, పెళ్ళి కూడా కూడదు. ఉనైసా కూతురు జుమానా ఆ తెగ పిల్ల. ఆమె అన్న మీద ఆ తెగవాడెవడూ చెయ్యెత్తడు. ఖబీసా కుర్రాణ్ణి చూశాడు, ఉనైసాని చూశాడు, చాలాసేపు చూశాడు. ఈటె దించి, "వాడికి ముందు నీళ్ళు పట్టు" అని వెళ్ళిపోయాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. తొడ మానింది గానీ నుఫైల్ కదల్లేదు. రెల్లు చాపలు అల్లడం నేర్చుకుని, మేకల పాకలో పడుకుంటూ, పిలవకుండానే నీళ్ళు తోడిపెడుతూ ఉండిపోయాడు. జుమానా కుండ పట్టుకుని బయటికొస్తే వాడి చాపలో వరసలు తప్పేవి. తోబుట్టువులు అలా చూసుకుంటారా ఎక్కడైనా? "అన్నా అని పిలవవే" అని తల్లి కసిరితే జుమానా మేకల్ని తోలుకుని వెళ్ళిపోయేది.

చివరికి ఈ వసంతంలో జుమానా బయటపడింది.

"చేసుకుంటే అతన్నే చేసుకుంటానమ్మా. లేకపోతే నీ మేకలు కాస్తూ ఇలాగే ఉండిపోతాను."

"నోర్ముయ్యి! లోకం దృష్టిలో వాడు నీకు అన్న."

"లోకానికి అలా చెప్పిందెవరు?"

ఉనైసా పాలకుండ ఎత్తుకుని మేకల పాకలోకి వెళ్ళిపోయింది. నిజం చెబుదామంటే, నుఫైల్ ప్రాణం నిలబడిందే ఆ అబద్ధం మీద. అది కూలిందా, ఖబీసా ఈటెకి మళ్ళీ దారి దొరుకుతుంది. చెప్పకుండా ఉందామంటే, కన్నకూతురి బతుకు మేకల మధ్యే తెల్లారిపోతుంది.

"నేనే వెళ్ళి చెప్పేస్తానమ్మా" అన్నాడు నుఫైల్.

"నువ్వు నోరు మూసుకుని చాప అల్లు" అంది ఉనైసా. అన్నదే గానీ మూడు రోజులు ముద్ద దిగలేదు ఆవిడకి.

నాలుగో రోజు శుక్రవారం. మధ్యాహ్నం నమాజు కాగానే తలమీద ముసుగు సర్దుకుని ఖబీసా ఇంటికి నడిచింది. దారి పొడుగునా అతని మంచితనమే తలుచుకుంది. భర్త పోయిన దగ్గర్నుంచీ ఏ పండగా తప్పకుండా ఆ ఇంటి నుంచి జుమానా పేర ఒక మేక తొడ వచ్చేది. దిక్కులేనివాళ్ళని దయ తలుస్తున్నాడు, అలాంటివాడి ముందు అబద్ధమాడానే అనుకుంది.

ఖబీసా ముంగిట్లో భోజనాలకి జనం చేరారు. ఎప్పటిలాగే ఒకటే వాదన. యుద్ధం తగువు తేల్చడానికి ఇరుపక్షాలూ కలిసి ఇద్దరు మధ్యవర్తుల్ని పెట్టుకోవడం సబబేనని పెద్దకొడుకు, తీర్పు చెప్పేది దేవుడే గానీ మనుషులెవరని రెండోవాడు. చిన్నప్పట్నుంచీ ఒకే పళ్ళెంలో తిన్న అన్నదమ్ములు ఇప్పుడు రెండు చాపలు, రెండు పళ్ళాలు.

"వీళ్ళతో వేగలేక చస్తున్నాను వదినా. రా, కూర్చో, తిను" అన్నాడు ఖబీసా.

రొట్టె ముక్కలు మాంసం పులుసులో నానేసి, పొగలు కక్కుతున్న పళ్ళెం తెచ్చి ముందు పెట్టారు. ఉనైసా కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పళ్ళెం వంక చూడలేదు.

వాదన టక్కున ఆగిపోయింది. వచ్చిన అతిథి ముద్ద ముట్టలేదంటే ఏదో కోరిక ఉన్నట్టు. అది తీరుస్తానని మాటిచ్చేదాకా ముట్టరు. ముట్టకుండా లేచి వెళ్ళిపోతే ఆ ఇంటాయన పదిమందిలో తలెత్తుకోలేడు.

"ఓసి నీ దుంప తెగ! నా ఇంట్లోనే నన్ను కట్టేశావా?" ఖబీసా నవ్వాడు. "సరే, అడుగు. ఏం కావాలి?"

"నుఫైల్ ప్రాణం. ఇప్పుడు నా నోట ఏం విన్నా సరే, వాడి ఒంటిమీద గీత పడకూడదు."

"ఇచ్చాను. తిను."

"చెప్పాల్సింది చెప్పాక తింటాను." ఉనైసా పళ్ళెం పక్కకి జరిపింది. "వాడు నా పాలు తాగలేదు ఖబీసా. ఆ రోజు రెల్లు పొదల్లో చూడటమే మొదటిసారి. నీ ముందు అబద్ధమాడాను. అసలు నేనెవరికీ పాలివ్వలేదు. నాకు పాలే పడలేదు. జుమానాని రెండేళ్ళు పెంచింది నీ ఇంటావిడ ఖౌలా రొమ్ము. పాలమ్మేదానికి పాల్లేవంటే పరువు పోతుందని ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. అప్పట్లో పారశీకంలో యుద్ధానికెళ్ళిన నీకు తెలియదు."

ఖబీసా గడ్డం నిమురుకున్నాడు.

"ముగ్గురు మగపిల్లల తల్లి వదినా ఖౌలా. రేపు వీళ్ళల్లో ఒకడు జుమానాని చేసుకుంటానంటే? అలాంటి సంగతి మొగుడి దగ్గర దాస్తుందా? నేను తిరిగొచ్చిన రోజే చెప్పింది, నీకో కూతురుందని. పండక్కి తొడ పంపించేది ఎవరికనుకున్నావు?"

ఉనైసా ఒక్కసారిగా మండింది.

"అంటే ఆ రోజే తెలుసా? నది ఒడ్డునే తెలుసా? ఏడాదిన్నర కంటిమీద కునుకు లేకుండా చచ్చాను కదయ్యా! ఒక్కమాట చెబితే నీ సొమ్మేం పోయింది?"

"నువ్వు నోరు తెరవగానే తెలిసింది." ఖబీసా నవ్వడం మానేశాడు. "తమ్ముణ్ణి పూడ్చి నాలుగు రోజులు. వెనక పది మంది నా చేతివంకే చూస్తున్నారు. ఆ కుర్రాడికి మా తమ్ముడి వయసే ఉంది. నాకు చంపాలని లేదు వదినా. లేదని అందరి ముందూ చెప్పడానికి నోరు రాలేదు. నువ్వొక అబద్ధం చేతికిచ్చావు, పుచ్చుకున్నాను. అది తప్పని నేనెలా చెబుతాను?"

ఉనైసా కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. ముసుగు కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఇక తిను, చల్లారిపోతోంది" అన్నాడు ఖబీసా. "పిల్ల తరఫున నేనుంటాను, నా కూతురేగా. కుర్రాడికి ఇక్కడ ఎవరూ లేరు. తమ్ముడి పెళ్ళికని నేయించిన అంగీ పెట్టెలో ఉంది. వాడు తొడుక్కోకుండానే పోయాడు. నుఫైల్‌కి సరిపోతుందేమో చూడు."

రెండోకొడుకు తన చాప మీంచి కదల్లేదు గానీ, అన్న తన పళ్ళెం అటు జరిపితే కాదనలేదు. ఉనైసా మాత్రం ఎవరినీ చూడలేదు. మూడు రోజుల ఆకలి. ముద్ద మీద ముద్ద తింటూ, ఏడుస్తూ, అంగీ భుజాల దగ్గర కాస్త వదులు చెయ్యాలి, చాపలల్లి వాడు ఒళ్ళు చేశాడు అంటూ చెబుతూనే ఉంది.